గీతలు పడిన పాత ఆక్రిలిక్ అక్వేరియానికి ఒంగోలులో పాలిష్ చేయించాను

ఒంగోలు కర్నూలు రోడ్డు వైపు సైన్ బోర్డులు, ఆక్రిలిక్ (గాజులా కనిపించే గట్టి ప్లాస్టిక్) అక్షరాలు తయారు చేసే ఒక చిన్న వర్క్‌షాప్‌లో గత వేసవిలో నా పాత అక్వేరియానికి పాలిష్ చేయించాను. ఇది తమ రోజువారీ పని కాదు కాబట్టి పేరు రాయవద్దని యజమాని కోరారు. ఆ కోరికను మన్నిస్తూనే, పని ఎలా జరిగిందో, ఎంత ఖర్చయిందో, ఏది కుదిరి ఏది కుదరలేదో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఇలాంటి పనికి మన జిల్లాలో ఎవరిని అడగాలో తెలియక నేను రెండు నెలలు తిరిగాను. మరొకరికి ఆ తిప్పలు తప్పితే చాలు.

తొట్టిని నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక కుటుంబం దగ్గర 9,000 రూపాయలకు కొన్నాను. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు, 12 మిల్లీమీటర్ల మందం. దాదాపు 240 లీటర్ల నీళ్లు పడతాయి. ఆక్రిలిక్ సాంద్రత 1.19, గాజుది 2.5. అంటే అదే మందం ఉన్న గాజు తొట్టి బరువులో ఇది సగం కూడా ఉండదు కాబట్టి ఇద్దరం కలిసి సులువుగానే ఎత్తి బండిలో పెట్టాం. పాత బొంతల మధ్య పెట్టి 120 కిలోమీటర్లు తీసుకొచ్చినా దారిలో కొత్త గీత ఒక్కటీ పడలేదు. ఉన్నవే లెక్కకు మిక్కిలి. నాచు తుడిచే అయస్కాంతపు బ్రష్ కింద ఇసుక రేణువు చిక్కుకున్నా గమనించకుండా ఏళ్ల తరబడి రుద్దినట్టున్నారు, ముందు పలక మీద విల్లులాంటి వంపు గీతలు వరుసగా ఉన్నాయి. గిన్నెలు తోమే పచ్చ పీచు కూడా వాడినట్టు మూలల్లో తెల్లటి మసక కనిపించింది. గాజు కన్నా మెత్తనైన ఆక్రిలిక్‌ను ఆ పీచు సులువుగా పాడు చేస్తుంది.

మొదట నేనే కారు రంగుకు వాడే రబ్బింగ్ కాంపౌండ్‌తో మధ్య భాగంలో గంటసేపు రుద్దాను. సన్న గీతలు పోయాయి కానీ లోతైనవి అలాగే ఉండి, చుట్టూ మెరుపు రావడం వల్ల ఇంకా స్పష్టంగా కనిపించసాగాయి. ఆ తర్వాత అడిగిన రెండు దుకాణాల్లో ఒకరు ఇది పోదన్నారు, మరొకరు వెనక్కి తిప్పి పోస్టర్ అంటించుకోమన్నారు. చివరకు, ఆక్రిలిక్ షీటును రోజూ కోసి అతికించే వాళ్లకే దాని స్వభావం తెలిసి ఉంటుందన్న ఆలోచనతో ఈ సైన్ బోర్డుల వర్క్‌షాప్‌కు వెళ్లాను.

అక్కడ నాకు అన్నిటికన్నా నచ్చింది మొదటి అరగంట. మేస్త్రీ ధర మాట్లాడకముందే తొట్టిని ఎండలోకి తెచ్చి, పక్క నుంచి వెలుతురు పడేలా తిప్పి, ప్రతి గీత మీదా గోరు నడిపి చూశారు. గోరు జారిపోతే సన్నది, గోరు ఆగితే లోతైనది. లోతైన వాటికి ఎదురుగా, పలకకు అవతలి వైపున మార్కర్‌తో చుక్కలు పెట్టారు, నీళ్లు పోసి రుద్దేటప్పుడు గీత కంటికి కనపడదు కాబట్టి. కింది మూలలో అతుకు పక్కన వెంట్రుకల్లాంటి పగుళ్లు చూపించి, "సార్, ఇవి గీతలు కాదు, లోపలి నెర్రెలు. ఎంత రుద్దినా పోవు. వీటికి నేను డబ్బులు తీసుకోను, వీటిని దృష్టిలో పెట్టుకొని పని చేయించాలా వద్దా అని మీరు ఆలోచించుకోండి" అని చెప్పారు. స్పిరిట్‌తో గానీ, అమ్మోనియా కలిసిన గాజు తుడిచే ద్రవాలతో గానీ ఆక్రిలిక్‌ను తుడిస్తే ఇలాంటి పగుళ్లు వస్తాయి. నా తొట్టిలో అవి రెండంగుళాల మేర, పైపైనే ఉండటంతో పనికి ఒప్పుకున్నాను. పాత ఆక్రిలిక్ తొట్టి కొనేవారు గీతలను చూసి భయపడే కన్నా అతుకుల దగ్గర ఈ నెర్రెల కోసం వెతకడం మేలని నాకు ఆ రోజే తెలిసింది.

మేస్త్రీ ఇంతకు ముందు చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్లు పనిచేశారు. గెలాక్సీ రాయికి మెరుపు తెచ్చే పద్ధతీ ఇదీ ఒకటేనని, గరుకు నంబరుతో మొదలుపెట్టి నున్నటి నంబరు దాకా పోవాలని, మధ్యలో ఒక్కటి వదిలినా చివరి మెరుపులో అది బయటపడుతుందని వివరించారు. లోతైన గీతలున్న చోట 400 నంబరు వాటర్ పేపర్‌తో (నీళ్లు పోసి రుద్దే గరుకు కాగితం), మిగతా పలకంతా 600తో మొదలుపెట్టి, తర్వాత 800, 1000, 1500, 2000, 3000 వరకు వెళ్లారు. పేపర్‌ను చేత్తో నేరుగా పట్టుకోకుండా చదునైన రబ్బరు దిమ్మకు చుట్టి, సబ్బు చుక్క కలిపిన నీళ్లు పోస్తూ, ఒక నంబరును అడ్డంగా, తర్వాతి నంబరును నిలువుగా రుద్దారు. అలా దిశ మారిస్తే వెనకటి నంబరు చేసిన గీతలు ఇంకా మిగిలాయో లేదో వెంటనే తెలుస్తుంది. అవి పూర్తిగా మాసిపోయేదాకా ఆయన ముందుకు కదల్లేదు. నంబరు మారిన ప్రతిసారీ తొట్టిని, దిమ్మను, చేతులను కడిగి, బకెట్‌లో నీళ్లు మార్చారు. 400 నంబరు రేణువు ఒక్కటి 2000 నంబరు పేపర్ కిందకు వచ్చినా పొద్దుటి నుంచి చేసిన పని వృథా అవుతుంది.

గీత ఉన్నచోటే గుంట పడేలా రుద్దకపోవడం ఈ పనిలో అసలు నైపుణ్యమని నాకు అనిపించింది. గీత లోతు మిల్లీమీటరులో పదో వంతే అయినా, దాని చుట్టూ జానెడు మేర పలకను సమంగా దించాలి. లేకపోతే ఆ గుంట కళ్లద్దంలా పనిచేసి, దాని వెనక ఈదే చేప సాగినట్టు, వంగినట్టు కనిపిస్తుంది. చివర్లో త్వరగా తెమలాలని నేనే బఫింగ్ మిషన్ వాడమని అడిగితే, చక్రం ఒకే చోట నాలుగు క్షణాలు ఆగినా ఆ వేడికి ఆక్రిలిక్ మెత్తబడి ముద్దగా జరుగుతుందని ఒప్పుకోలేదు. ఆక్రిలిక్ మెత్తబడటానికి 100 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల వేడి చాలు. అక్షరాల అంచులకు మంట చూపించి మెరుపు తెస్తారు కదా అంటే, అది బరువు మోయని అంచులకే తప్ప నీళ్ల ఒత్తిడిని భరించే పలకకు పనికిరాదన్నారు. పని తెలిసిన మనిషి ఒక పని చేయనని చెప్పడం నాకు చాలా నమ్మకం కలిగించింది.

లోపలి వైపు మాత్రం 3000 దగ్గరే ఆపి, పాలిష్ పూయలేదు. పొడిగా ఉన్నప్పుడు అది పొగమంచు పట్టినట్టు ఉంది, నాకు బెంగ కలిగింది. నీళ్లు నింపగానే ఆ మసక పూర్తిగా మాయమైంది. వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం గాలికి 1.00, నీటికి 1.33, ఆక్రిలిక్‌కు 1.49, సన్న గీతల్లో గాలి బదులు నీరు నిండితే రెంటి మధ్య తేడా తగ్గి, వెలుతురు చెదరడం కూడా తగ్గుతుంది. చేపలుండే వైపు పాలిష్ మందు అవశేషాలు మిగలకుండా ఉండటం దీనివల్ల కలిగిన మరో లాభం. బయటి వైపు ప్లాస్టిక్ పాలిష్‌ను మైక్రోఫైబర్ గుడ్డతో చేత్తోనే పూసి తేల్చారు.

లోపాలు లేకపోలేదు. నాలుగు రోజులన్న పని తొమ్మిది రోజులు పట్టింది. మధ్యలో ఒక పెద్ద బోర్డు ఆర్డరు రావడంతో నా తొట్టి మూలన పడి ఉంది, నేను ఫోన్ చేసేదాకా ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. కుడివైపు పలకలో, పైపట్టీ కిందుగా దిమ్మ సరిగ్గా ఆనని చోట, పక్క నుంచి చూస్తే చిన్న అల కనిపిస్తుంది. ఎదురుగా కూర్చుంటే తెలియదు కానీ, తెలిసిన నా కన్ను రోజూ అక్కడికే పోతోంది. దానికి ఆయన 500 తగ్గించి, మొత్తం 6,500 రూపాయలకు గాను 6,000 తీసుకున్నారు. అదే కొలతతో కొత్త ఆక్రిలిక్ తొట్టికి నాకు చెప్పిన ధర 26,000. ఆ లెక్కన చూసినా, చేతి పని చూసినా ఇచ్చిన డబ్బుకు న్యాయం జరిగిందనే నా అభిప్రాయం. మూడు నాలుగు సన్న గీతలే ఉన్నవారికి ఇంత ఖర్చు అవసరం లేదు, 1500 నుంచి 3000 నంబరు వరకు వాటర్ పేపర్లు కొనుక్కొని ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఇంటికి తెచ్చాక రెండుసార్లు నింపి పారబోసి, మూడోసారి నింపి మూడు రోజులు వరండాలో ఉంచి, అతుకుల కింద పొడి కాగితం పరిచి చూశాను, ఎక్కడా తడి తగల్లేదు. గాజు తొట్టికి వాడిన పాత ఇనుప స్టాండు అంచులనే మోసేది. ఆక్రిలిక్ వంగే గుణం ఉన్నది కాబట్టి అడుగు మొత్తానికి ఆధారం కావాలని మేస్త్రీ చెప్పడంతో, స్టాండు మీద మందపాటి ప్లైవుడ్, దాని మీద ఫోమ్ షీటు వేయించాను. నెర్రెలున్న మూలను గోడ వైపు కాకుండా నాకు కనిపించే వైపే ఉంచి, వాటి చివరలకు బయట మార్కర్‌తో గుర్తు పెట్టాను. ఆరు నెలలయింది, పగుళ్లు ఆ గుర్తు దాటలేదు. నాచును ఇప్పుడు మెత్తటి నూలు గుడ్డతో, అడుగున ఉన్న ఇసుకకు నాలుగు వేళ్ల పైదాకా మాత్రమే తుడుస్తున్నాను.