కొలిమిలో చేయించుకున్న గొడ్డలి: ఏళ్లుగా వాడాక చెప్తున్న మాట

నేను రాస్తున్నది షాపులో రంగు వేసి అమ్మే గొడ్డలి గురించి కాదు. నర్సంపేట వైపు మా ఊరి కమ్మరి కొలిమిలో చేయించుకున్నదాని గురించి. ఇంట్లో గ్యాస్ ఉన్నా చలికాలం స్నానాల నీళ్లు మాకు కట్టెల పొయ్యి మీదే కాగుతాయి. పెళ్లి వంటలకు, దసరాకు, మేడారం జాతరకు పోయేటప్పుడు వెంట తీసుకుపోయే కట్టెలకు కూడా ఇదే గొడ్డలి. ఇన్నేళ్ల వాడకంలో దీని ఇనుము గురించి నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. అయితే మంచి ఇనుము ఒక్కటే కాలునూ చేతినీ కాపాడదు. కామ, అంటే చేత్తో పట్టుకునే కట్టె పిడి, గొడ్డలి తలలో ఎంత గట్టిగా కూర్చుంది, మొద్దు మీద కట్టె ఎక్కడ నిలబెట్టాం, ఈ రెండూ చూసుకోకపోతే ఎంత ఖరీదైన గొడ్డలైనా భయపడాల్సిన వస్తువే. అందుకే వాడే తీరు గురించి కూడా ఇక్కడే రాస్తున్నా.

ముందు తల సంగతి. ఒళ్లంతా మెత్తటి ఇనుము, నోటి దగ్గర, అంటే పదును అంచున, మాత్రం లారీ కమాన్ పట్టీ ముక్కను కొలిమిలో కాల్చి అతికించారు. బరువు కిలోన్నర దాకా ఉంటుంది. మెత్తటి ఇనుము దెబ్బను ఓర్చుకుంటుంది, కమాన్ ఉక్కు పదును నిలుపుతుంది. ఇలాంటిది తీసుకునేటప్పుడు అతుకు గీత వెంట గోటితో రుద్ది చూడండి. ఎక్కడైనా సందు తగిలితే మొహమాటపడకుండా మళ్లీ కొలిమిలో పెట్టించండి.

దీనికి ఉన్న లోపం వెనక భాగం. అది మెత్తన కాబట్టి దానితో మేకులు, ఇనుప చీలలు కొడితే కామ దూర్చే బెజ్జం సాగిపోతుంది, తల వదులవుతుంది. మా దగ్గర గొడ్డలి కట్టెలో ఇరుక్కుంటే వెనక నుంచి సమ్మెటతో బాదుతారు. అది అసలు చేయొద్దు. ఇనుము మీద ఇనుము పడ్డప్పుడు లేచే రవ్వ కంట్లో దిగితే చూపు పోతుంది. ఇరుక్కున్నప్పుడు కామ కొసను పైకీ కిందికీ ఊపితే వదులై వస్తుంది. పక్కలకు వంచితే మాత్రం కామ విరుగుతుంది.

కామ మాది తిరుమాను కట్టెది. గట్టిది, దెబ్బకు కాస్త వంగి నిలబడుతుంది. కామ చెక్కించుకునేటప్పుడు కట్టె నార ఒక కొస నుంచి ఇంకో కొస దాకా నిలువుగా పోయిందో లేదో చూడాలి. మధ్యలో నార పక్కకు తప్పినా, ముడి ఉన్నా అక్కడే విరుగుతుంది. మా కమ్మరి కాకా తల చేతికిస్తూ చెప్పిన మాట ఇప్పటికీ పాటిస్తా: "పచ్చి కామ ఎయ్యకు బిడ్డా, ఎండలల్ల ఎండి తల ఊసిపోతది." వరంగల్ దిక్కు మే నెలలో 44 డిగ్రీల దాకా కాసే ఎండకు బాగా ఎండిన కామే కొంచెం కుంచించుకుపోతుంది, ఇక పచ్చిదాని సంగతి చెప్పేదేముంది?

వదులైన గొడ్డలిని రాత్రంతా నీళ్ల బకెట్లో వేసి, పొద్దున్నే బిగిసిందని వాడేవాళ్లు ఊళ్లో చాలామంది. బిగిసిన మాట నిజమే, కానీ ఆ బిగువు ఎక్కువ రోజులు ఉండదు. నీళ్లు తాగి ఉబ్బిన కట్టెకు ఇనుప బెజ్జంలో పోయే చోటు లేదు, నార లోపలే నలిగిపోతుంది. మళ్లీ ఎండాక మునుపటికన్నా వదులవుతుంది. సరైన పని ఏమిటంటే కామ పై కొసలో రంపంతో నిలువు కోత పెట్టి, తల ఎక్కించాక ఆ కోతలో ఎండిన చెక్క చీల దిగగొట్టడం. ఆ తర్వాత కొసకూ కామకూ అప్పుడప్పుడు అవిసె నూనె పట్టిస్తే చాలు. నేనింకో పని కూడా చేస్తా. తల, కామ కలిసే చోట పెన్సిల్‌తో చుట్టూ గీత గీసి పెడతా. పనికి దిగేముందు ఆ గీత చూస్తా. తలకూ గీతకూ మధ్య దారమంత సందు కనబడినా ఆ రోజు గొడ్డలి పట్టను, ముందు చీల బిగిస్తా. తల ఊడి ఎగిరితే ఎదురుగా ఎవరున్నా ప్రాణాలకే ముప్పు.

మా తమ్ముడు ఆన్‌లైన్‌లో ఫైబర్ కామ గొడ్డలి తెప్పించుకున్నాడు. అదీ కొన్నాళ్లు వాడి చూశా. ఎండకు కుంచించుకుపోదు, అది ఒప్పుకోవాల్సిన గుణమే. కానీ తల కింద కామ ఒకటి రెండుసార్లు కట్టె అంచుకు తగిలేసరికి పీచు లేచింది. దాన్ని మార్చేవాళ్లు మా మండలంలో లేరు. తిరుమాను కామైతే సాయంత్రానికి కొత్తది వేయించుకోవచ్చు.

ఇప్పుడు మొద్దు. నన్నడిగితే గొడ్డలి కొనేముందే మొద్దు సంపాదించుకోండి. మాది చింత మొద్దు. మటన్ దుకాణాల్లో చింత మొద్దే ఎందుకు వాడతారంటే దాని నార ఒకదాంట్లో ఒకటి అల్లుకుని ఉంటుంది, అంత తొందరగా చీలదు. ఎత్తు మోకాలికి మించొద్దు. మొద్దు లేకుండా నేల మీద పెట్టి కొడితే కట్టె చీల్చుకుని వచ్చిన నోరు రాయికి తగిలి పెట్లిపోతుంది, గురి తప్పితే నేరుగా పిక్క మీదికి వస్తుంది.

మొద్దు మీద కట్టెను మనకు దగ్గరగా కాకుండా అవతలి అంచు వైపు నిలబెట్టాలి. చూడటానికి చిన్న తేడానే, కానీ కాలు మిగిలేది దాంతోనే. అవతలి వైపు పెట్టినప్పుడు దెబ్బ తప్పినా, కట్టె తేలిగ్గా చీలిపోయినా నోరు పోయి మొద్దులో దిగుతుంది. ఇవతలి అంచున పెడితే అదే దెబ్బ మొద్దును దాటి పాదాల దగ్గరికి వస్తుంది. రెండు కాళ్లూ భుజాలంత వెడల్పుగా, సమానంగా ఉండాలి. కట్టె చీల్చేటప్పుడు ఒక కాలు ముందుకు పెట్టడం మనవాళ్ల అలవాటు, అది మానుకోవాలి. దెబ్బ దిగే క్షణంలో మోకాళ్లు వంచితే నోరు నిలువుగా కిందికి దిగుతుంది. కాళ్లు బిగబట్టి నిలబడితే గొడ్డలి అర్ధచంద్రంలా తిరిగి మన వైపే వస్తుంది. ఒక చెయ్యి కామ కొసన కదలకుండా ఉండాలి. రెండో చెయ్యి ఎత్తేటప్పుడు తల దగ్గర ఉండి, దించేటప్పుడు కొస వైపు జారాలి. బలం కన్నా గురి ముఖ్యం. చూపు పడాల్సింది నోరు దిగాల్సిన చోటు మీద, గొడ్డలి మీద కాదు.

కట్టెను చేత్తో పట్టుకుని మాత్రం ఎప్పుడూ కొట్టొద్దు. నిలబడని కట్టె ఉంటే మొద్దు మీద పాత టైరు వేసి అందులో నిలబెడితే పని అయిపోతుంది. పేళ్లు కూడా ఎగరవు, వంగి ఏరుకునే బాధా తగ్గుతుంది.

ఏ కట్టె ఎట్లా చీలుతుందో చేతికి అలవాటు కావాలి. మామిడి, వేప పెద్దగా సతాయించవు. తుమ్మ పచ్చిగా ఉన్నప్పుడు కొడితే సులువు. ఎండిందంటే గొడ్డలి ఎగిరెగిరి పడుతుంది. పెద్ద దుంగకు నడిమిట్ల కొట్టి లాభం లేదు, అంచుల నుంచి పేళ్లు తీసుకుంటూ రావాలి. ఎండిన దుంగ కొసన సన్నటి పగుళ్లు కనబడతాయి, దెబ్బ ఆ పగులు వెంట పడాలి. సరిగ్గా పడితే టప్పున తెరుచుకుంటుంది. ముడి మీద పడితే మొద్దుబారిన చప్పుడు వస్తుంది, అరచేతులు జివ్వుమంటాయి. అట్లా వస్తే అక్కడే మొండిగా కొట్టకుండా దుంగను తిప్పి పెట్టండి.

పడి ఉన్న మానుకు కొమ్మలు కొట్టేటప్పుడు కొమ్మ ఒక పక్క, మనం ఇంకో పక్క ఉండాలి. మధ్యలో మాను అడ్డం ఉంటే తప్పిన దెబ్బ దానికే తగులుతుంది. మొదలు వైపు నుంచి కొస వైపు కొట్టుకుంటూ పోతే కొమ్మలు శుభ్రంగా తెగుతాయి. నిలబడ్డ చెట్టు నరకడం పూర్తిగా వేరే పని. దానికి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి సంగతి కూడా చూసుకోవాలి.

పదును విషయంలో చాలామంది పొరబడతారు. మొద్దుబారిన గొడ్డలి తెగదు కాబట్టి ప్రమాదం తక్కువనుకుంటారు. అది కట్టెలో దిగక పక్కకు జారుతుంది, జారితే ఎటు పోతుందో మన చేతిలో లేదు. నేను ఆకురాయితో రుద్ది, తర్వాత సానరాయి పడతా. కరెంటు గ్రైండర్ మీద ఆదరాబాదరాగా పట్టిస్తే నోరు నీలం రంగుకు తిరుగుతుంది. ఆ రంగు వచ్చిందంటే ఉక్కు దాదాపు 300 డిగ్రీలు వేడెక్కిందని, మెత్తబడిందని అర్థం. అక్కడి నుంచి ఎంత పదును పెట్టినా నిలవదు.

లుంగీ, మెడలో వేలాడే తువ్వాల, రబ్బరు చెప్పులు ఈ పనికి పనికిరావు. ప్యాంటు, బూట్లు, కళ్లకు అద్దాలు ఉండాలి. తల మీద బట్టలారేసే తీగ, కొమ్మ ఏవీ అడ్డం ఉండొద్దు. పిల్లలు చుట్టుపక్కల ఉంటే నేను గొడ్డలి ఎత్తను, అంతే. కట్టెల కుప్పలోకి నేరుగా చెయ్యి పెట్టొద్దు, ముందు కర్రతో కదిలించండి. వానలు పడ్డాక తేళ్లు, జెర్రులు, పాములు అక్కడే ఉంటాయి. తెగితే పసుపు, కాఫీపొడి అద్దుతూ కూర్చోకుండా శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి పట్టి ఆసుపత్రికి పోవాలి. రక్తం ఆగకపోతే 108కి ఫోన్ చేయాలి.

కొలిమి గొడ్డలికి పోదామనుకునేవాళ్లు తల ఒక్కటే చేయించుకోండి, కామ విడిగా ఎండిన కట్టెతో వేయించుకోండి. మందంగా వార్నిష్ పూసిన కామ తీసుకోవద్దు, లోపలి పగులు కనబడదు, చెమట చేతికి జారుతుంది కూడా. కొనేటప్పుడు ఎత్తి కాసేపు ఒంటి చేత్తో చాపి పట్టుకుని చూడండి. చెయ్యి వణికితే కిలో తల చేయించుకోండి. పేళ్లు చీల్చడానికి ఇంకో నాలుగు దెబ్బలు ఎక్కువ పడతాయి, అయినా ప్రతి దెబ్బా మీ అదుపులో ఉంటుంది.