కస్టర్ కౌంటీలో తొలి గూడు: గుంత ఇల్లా, పచ్చిక పెళ్లల ఇల్లా?

అమెరికాలో ప్రభుత్వ భూమిని సాగుదారులకు పంచిన 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు దక్కాలంటే ఆ నేల మీదే ఇల్లు కట్టుకొని ఐదేళ్లు సాగు చేయాల్సి ఉండేది. నెబ్రాస్కా రాష్ట్రంలో 1877లో ఏర్పడిన కస్టర్ కౌంటీలో కలప అరుదు గనుక, వలస కుటుంబాలు ఎక్కువగా గట్టును తొలిచి చేసుకునే గుంత ఇంటినో, పచ్చికతో సహా కోసిన మట్టి పెళ్లలు పేర్చి కట్టే పెళ్లల ఇంటినో ఎంచుకునేవి.

ఖర్చు: గుంత ఇంటికి పార, కాసిన్ని కర్రలు చాలు. పెళ్లల ఇంటికి దూలం, వాసాలు, తలుపు, కిటికీలు కావాలి.

శ్రమ: గట్టును తొలవడం కొద్ది రోజుల పని. పెళ్లల ఇంటికైతే దాదాపు అరెకరం పచ్చికను ప్రత్యేక నాగలితో అడుగు వెడల్పు పట్టీలుగా చీల్చి, మూడడుగుల ముక్కలుగా నరికి, గడ్డి వైపు కిందికి ఉండేలా, అతుకు మీద అతుకు పడకుండా, రెండడుగులకు పైగా మందాన పేర్చాలి. ఆ గోడల పనితనం నాకు నిజంగా అబ్బురమనిపిస్తుంది.

ముప్పు: గుంత ఇంట్లోకి వాన నీరు చేరుతుంది, మేస్తున్న ఆవు కప్పు మీద నడిచి లోపలికి కూలిన కథ ఆ మైదానాల్లో నేటికీ చెబుతారు. పెళ్లల కప్పూ కారుతుంది. మట్టి, పాములు మీద పడకుండా లోపల బట్ట కట్టేవారు. అయితే కార్చిచ్చుకు ఆ గోడలు అంటుకోవు, చలికీ ఎండకూ బాగా ఆగుతాయి.

చలికాలం ముంచుకొచ్చి చేతిలో డబ్బు లేనివారికి గుంత ఇల్లే తగినది. కాడెద్దులు, నాగలి, ఒక వేసవి తీరిక ఉండి, పిల్లలతో ఐదేళ్లూ అక్కడే ఉండదలచినవారికి పెళ్లల ఇల్లు మేలు.