జెల్లా, వాలుగా: ఇంటి తొట్టిలో ఏది మేలు?

ఏటూరునాగారం వైపు పోయినప్పుడల్లా గోదావరి మీసాల చేపపిల్లలను సంచిలో పట్టుకొచ్చి, హన్మకొండలో మా ఇంటి తలుపు తట్టేవాళ్లు అడిగేది ఒకటే: వీటిలో ఏది ఉంచుకోవాలి? నా ఓటు చారల జెల్లకే. కానీ మీ సంచిలో ఉన్నది అదేనా కాదా అన్నది ముందు తేలాలి.

రెండంగుళాల పిల్లప్పుడు అన్నీ ఒకేలా ఉంటాయి. వాలుగను గుర్తుపట్టడం మాత్రం తేలికే. మీసాలు రెండు జతలే, వెన్ను మీద చిన్న రెక్క ఒక్కటే, కడుపు కింది రెక్క తోక దాకా సాగుతుంది. జెల్లల్లో నాలుగు జతల మీసాలు, వెన్ను రెక్క వెనక మెత్తటి కొవ్వు రెక్క ఉంటాయి. ఆ కొవ్వు రెక్క దగ్గరే ఆగి చూడండి. దాని చివర నల్ల మచ్చ ఉంటే అది మీటరు దాటి పెరిగే పెద్ద జెల్ల, శాస్త్రవేత్తల స్పెరాటా. మచ్చ లేకుండా, ఒంటి మీద పొడవునా చారలు, మొప్ప వెనక నల్ల చుక్క ఉంటే అది మిస్టస్ విట్టాటస్, మన చారల జెల్ల. జానెడు మించడం అరుదు.

రెండేళ్ల కింద ఆ మచ్చ చూడకుండానే ఒకదాన్ని తెచ్చి చారల జెల్లల్లో కలిపాను. నాలుగు నెలల్లో మూడు మాయమయ్యాయి. ఒక రాత్రి ఫోన్ లైటు వేసి చూస్తే దాని నోట్లోంచి చారల తోక బయటికి కనిపించింది. చాలా బాధపడ్డాను. అందుకే రంగు, ధర, అందం అన్నీ పక్కనపెట్టి, పెద్దయ్యాక ఎంతవుతుందో ముందు చూడమంటాను. వాలుగకైతే ఏ ఇంటి తొట్టీ చాలదు.

మార్పు అనే మరో మీసాల చేప గట్టి ప్రాణి, పైకొచ్చి గాలి కూడా పీలుస్తుంది. మూత గట్టిగా లేకపోతే బయటికి పాకిపోతుంది.

చారల జెల్లలు నాలుగైదింటికి మూడడుగుల తొట్టి కావాలి. అడుగున గరుకు రాళ్లు వేస్తే మీసాలు అరిగిపోతాయి, మెత్తటి ఇసుక పోయండి. దాక్కోవడానికి పైపు ముక్కలు పెట్టండి. మేత లైటు ఆర్పాకే వేయండి. మే ఎండలకు నీళ్లు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, కరెంటు పోయినా ఆడే బ్యాటరీ పంపు దగ్గర ఉంచుకోండి. పట్టేటప్పుడు వల వాడొద్దు, ప్లాస్టిక్ మగ్గుతో తీయండి. పక్క రెక్క ముల్లుకు రంపపు పళ్లుంటాయి, వలలో చిక్కితే రాదు. నేను వలనే కత్తెరతో కోసి విడిపించాను.