నియోవిమ్ కాన్ఫిగ్: సొంతంగా రాసుకోవాలా, కిక్‌స్టార్టా, లేజీవిమా?

నియోవిమ్ అంటే టెర్మినల్లో (ఆదేశాలు టైప్ చేసే తెరలో) నడిచే కోడ్ ఎడిటర్, పాత విమ్‌కి కొత్త రూపం. దానికి మారాలనుకునేవాళ్లకి మొదట ఎదురయ్యే ప్రశ్న కాన్ఫిగ్ గురించే, అంటే దాని సెట్టింగుల ఫైళ్ల గురించి. ముందున్న దారులు మూడు. ఖాళీ ఫైల్‌తో మొదలుపెట్టి అన్నీ సొంతంగా రాసుకోవచ్చు. టీజే డెవ్రీస్ మొదలుపెట్టిన కిక్‌స్టార్ట్ అనే నమూనా కాన్ఫిగ్‌ని కాపీ చేసుకుని దిద్దుకోవచ్చు. లేదా ఫోల్కే లెమేట్ర్ తయారుచేసిన లేజీవిమ్ అనే రెడీమేడ్ కాన్ఫిగ్‌ని ఉన్నదున్నట్టు వాడుకోవచ్చు. మూడూ ఉచితమే, మూడింట్లోనూ ఎక్కువగా రాసేది లువా అనే ప్రోగ్రామింగ్ భాషలోనే. నా ఓటు కిక్‌స్టార్ట్‌కి. కానీ అది అందరికీ కుదరదు.

రేపే కొత్త ప్రాజెక్టులో చేరి ఎల్లుండికల్లా కోడ్ ఇవ్వాల్సినవాళ్లు లేజీవిమ్ పెట్టుకోవడమే మంచిది. ఇన్‌స్టాల్ అయిన వెంటనే ఫైళ్లు వెతకడం, కోడ్ సూచనలు, గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనం) మార్పుల గుర్తులు అన్నీ సిద్ధంగా ఉంటాయి. స్పేస్‌బార్ నొక్కి ఒక్క క్షణం ఆగితే చాలు, తర్వాత ఏ కీ నొక్కితే ఏ పని జరుగుతుందో తెర మీద పట్టికే వస్తుంది. పైథాన్ కావాలంటే లేజీ ఎక్స్‌ట్రాస్ అనే అదనపు సదుపాయాల జాబితా తెరిచి ఆ వరుస మీద ఎక్స్ నొక్కి, ఎడిటర్ మూసి మళ్లీ తెరిస్తే సరి. ఇంత పని ఇంత శుభ్రంగా చేసిపెట్టడం మామూలు విషయం కాదు.

చిక్కంతా ఏదైనా మార్చాలనుకున్నప్పుడే మొదలవుతుంది. విమ్‌లో పెద్ద హెచ్ నొక్కితే కర్సర్ తెర పైవరుసకి, పెద్ద ఎల్ నొక్కితే కింది వరుసకి వెళ్తుంది. లేజీవిమ్ ఈ రెండింటినీ తెరిచి ఉన్న ఫైళ్ల మధ్య తిరగడానికి ఇచ్చేసింది. ఏళ్ల తరబడి విమ్ వాడిన చేతికి పాత అర్థమే కావాలి. సరే, ఏ కీకి ఏ పనో రాసే కీమ్యాప్స్ ఫైల్లో తీసేద్దామని చూస్తే అవి రెండు చోట్ల ఉన్నాయి: లేజీవిమ్ సాధారణ కీమ్యాపుల్లో ఒకసారి, పైన ట్యాబులు చూపించే బఫర్‌లైన్ ప్లగిన్ (ఎడిటర్‌కి అదనంగా చేర్చే చిన్న ప్రోగ్రామ్) సెట్టింగుల్లో ఇంకోసారి. ఒకటి తీసేస్తే రెండోది ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. రెండో చోటు ఉందని తెలియనివాళ్లు తాము రాసిన లైనే తప్పనుకుని గంటలు పోగొట్టుకుంటారు. మీరు రాయని కాన్ఫిగ్‌లో ఇలాంటివి తప్పవు. పైగా అక్కడి నిర్ణయాలు వేరేవాళ్ల చేతిలో ఉంటాయి. లేజీవిమ్ 14వ వర్షన్‌లో కోడ్ పూరించే డిఫాల్ట్ ప్లగిన్ మారి బ్లింక్ వచ్చింది. కొత్తది మంచిదే, కానీ పాతదానికి సొంత సెట్టింగులు రాసుకున్నవాళ్లకి అది అడగని పని.

కిక్‌స్టార్ట్‌లో అసలు విషయమంతా ఒక్క ఇనిట్ ఫైల్లోనే ఉంటుంది, అందులోనూ చాలా భాగం వ్యాఖ్యలే. ప్రతి లైనూ ఎందుకుందో పక్కనే రాసి ఉంటుంది. ఉదాహరణకి, ఆపరేటింగ్ సిస్టమ్ క్లిప్‌బోర్డుతో కలిపే సెట్టింగ్‌ని వెంటనే అమలు చేయకుండా కాస్త ఆలస్యంగా అమలయ్యేలా పెట్టారు. అలా చేయకపోతే ఎడిటర్ తెరుచుకోవడం నెమ్మదించవచ్చని పైనే చెప్పారు. ఎస్కేప్ నొక్కితే వెతుకులాట రంగులు పోయే లైను, దాని కారణం కూడా అలాగే కనిపిస్తాయి. సాయంత్రం కూర్చుని పైనుంచి కిందిదాకా చదివితే నియోవిమ్ ఎలా పనిచేస్తుందో చాలావరకు తలకెక్కుతుంది. ఒక కీ మార్చాలంటే అదే ఫైల్లో వెతికి, అక్కడే మార్చేస్తారు. ఒకసారి కాపీ చేసుకున్నాక అది మీదే, అవతలి మార్పులు వాటంతటవి వచ్చి మీద పడవు. ప్లగిన్లు మాత్రం అప్‌డేట్ అవుతుంటాయి, అందుకే ఏ ప్లగిన్ ఏ వర్షన్‌లో ఉందో రాసిపెట్టే లాక్ ఫైల్ ముఖ్యం. కిక్‌స్టార్ట్ దాన్ని గిట్ పట్టించుకోకుండా వదిలేసింది. సొంత కాపీలో ఆ మినహాయింపు తీసేసి కమిట్ చేయండి. ఏదైనా అప్‌డేట్ తేడా చేస్తే పాత వర్షన్లకి వెనక్కి వెళ్లగలిగేది దాంతోనే.

ఇక ఖాళీ ఫైల్ దారి. 2021లో నియోవిమ్ 0.5 వచ్చినప్పటితో పోలిస్తే ఇప్పుడిది చాలా తేలిక. కామెంట్ చేసే కీ 0.10 నుంచే ఎడిటర్‌లో ఉంది. 2025లో వచ్చిన 0.11తో లాంగ్వేజ్ సర్వర్ (కోడ్‌ని అర్థం చేసుకుని సూచనలిచ్చే ప్రోగ్రామ్) కలపడం కొద్ది లైన్ల పనైంది, కోడ్‌లో ఒక పేరు మార్చడానికి, అది వాడిన చోట్లు చూడటానికి కీలు కూడా అందులోనే వచ్చాయి. ఆ ప్రోగ్రామ్‌ని మాత్రం మీరే ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఇతరుల సర్వర్ కంప్యూటర్లలోకి లాగిన్ అయి చిన్న చిన్న ఫైళ్లు దిద్దేవాళ్లకి ఈ దారే హాయి.

తెలుగులో కూడా రాసేవాళ్లకి ఒక మాట. టెర్మినల్లో ఒత్తులు విడిపోయి కనిపిస్తే ఈ మూడింట్లో ఏది పెట్టినా తీరదు. అక్షరాలు గీసేది టెర్మినల్, కాన్ఫిగ్ కాదు.

తేల్చుకోలేకపోతే లేజీవిమ్, కిక్‌స్టార్ట్ రెండూ పక్కపక్కనే పెట్టుకోండి. 0.9 నుంచి ఎన్‌విమ్ యాప్‌నేమ్ (NVIM_APPNAME) అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది. అందులో ఏ పేరిస్తే కాన్ఫిగ్ ఆ పేరున్న ఫోల్డర్ నుంచే వస్తుంది, ప్లగిన్లూ విడిగానే ఉంటాయి. షెల్‌లో రెండు ఏలియాస్‌లు (పొట్టి ఆదేశాలు) రాసుకుని ఆఫీసు పనికి లేజీవిమ్, సొంత ప్రాజెక్టులకి కిక్‌స్టార్ట్ వాడండి. మీకు నచ్చని కీ ఒకటి ఎంచుకుని రెండింట్లోనూ మార్చి చూస్తే, మీకేది సరిపోతుందో అక్కడే తెలిసిపోతుంది.