ఎర్రబస్సెక్కించి లండన్ చూపించాం

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, లండన్ ఎలా తిప్పాలి అని ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. టూరిస్టు బస్సుకు టికెట్లు కొనకండి, ట్యూబ్ (ఇక్కడి భూగర్భ రైలు) మెట్లు ఎక్కించకండి. ఇక్కడి జనం ఆఫీసులకు, స్కూళ్ళకు వెళ్ళే మామూలు ఎర్రబస్సు ఎక్కించండి. 2025 వేసవిలో మావాళ్ళు వచ్చినప్పుడు ఊరంతా దాదాపు ఇలాగే చూపించాం. ఆ బస్సుకే ఈ రివ్యూ.

మా నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. బస్సు విషయంలో ఆయన్ని మెప్పించడం అంత తేలిక కాదు. అమ్మకు రెండు మోకాళ్ళూ అరిగాయి. మెట్లు కనిపిస్తే చాలు, "మీరు వెళ్ళి చూసి రండి, నేనిక్కడే కూర్చుంటా" అంటుంది. ఇలాంటి ఇద్దరిని తిప్పాలంటే చూడాల్సిన చోట్ల లిస్టు కంటే ముందు కూర్చోగలిగే చోట్ల లిస్టు రాసుకోవాలి. బాత్రూం ఎక్కడుంది, అన్నం ఎక్కడ తింటాం, ఎంత దూరం నడవాలి... ఈ మూడూ తేలాకే బిగ్ బెన్.

ట్యూబ్ వేగంగా వెళ్తుంది, నిజమే. కానీ రోడ్డు నుంచి ప్లాట్‌ఫాం దాకా మెట్లు లేకుండా వెళ్ళగలిగే స్టేషన్లు అందులో మూడో వంతు మాత్రమే. పైగా సొరంగంలో ఏం కనిపిస్తుంది, ఎదుటి సీట్లోవాళ్ళ బూట్లు తప్ప. 2022లో మొదలైన ఎలిజబెత్ లైన్ మాత్రం వేరే సంగతి. దాని స్టేషన్లన్నిటిలోనూ మెట్లెక్కకుండా ప్లాట్‌ఫాం చేరొచ్చు. మేముండేది ఇల్ఫర్డ్‌లో కాబట్టి సిటీ నడిబొడ్డు దాకా ఆ రైలు, అక్కడి నుంచి బస్సు అని ప్లాన్ చేసుకున్నాం.

ముందు డబ్బు సంగతి. మేము తిరిగినప్పుడు బస్సు ఛార్జీ 1.75 పౌండ్లు. ఒక స్టేజీ వెళ్ళినా, చివరిదాకా వెళ్ళినా అంతే. మొదటి బస్సులో కార్డు పెట్టిన గంటలోపు ఎన్ని బస్సులు మారి ఎక్కినా మళ్ళీ డబ్బు పడదు. రోజంతా బస్సుల్లోనే తిరిగితే మనిషికి అప్పట్లో 5.25 పౌండ్లు దాటేది కాదు. టూరిస్టుల ఓపెన్ టాప్ బస్సుకు మనిషికి ముప్పై పౌండ్ల పైమాటే. దాని కామెంటరీ మా అమ్మకు ఎలాగూ తెలుగులో రాదు, ఆ పని నేనే చేయాలి.

ఒక జాగ్రత్త. 2014 నుంచి లండన్ బస్సుల్లో నోట్లు, చిల్లర తీసుకోరు. కార్డు తాకించాల్సిందే, అదీ మనిషికొక కార్డు. మీ కార్డే నాలుగుసార్లు తాకించి నలుగురిని ఎక్కిస్తానంటే కుదరదు. ఇండియా బ్యాంకు కార్డు పనిచేసినా ప్రతిసారీ విదేశీ లావాదేవీ ఛార్జీ పడొచ్చు. అందుకని ఇద్దరికీ ఓయిస్టర్ కార్డులు (ఇక్కడి బస్సులు, రైళ్ళకు వాడే కార్డులు) తీసుకుని డబ్బు వేసి ఇచ్చాం. ఇక్కడి పెద్దవాళ్ళకుండే ఉచిత పాసులు లండన్‌లో నివాసం ఉన్నవాళ్ళకే, చూడటానికి వచ్చినవాళ్ళకు రావు. ఇంకొకటి, బస్సులో ఎక్కేటప్పుడు తాకిస్తే చాలు, దిగేటప్పుడు అక్కర్లేదు. రైల్లో మాత్రం రెండుసార్లూ తాకించాలి. ఇది ఇంట్లోనే నేర్పించి బయల్దేరండి.

ఎక్కగానే నాన్నకు నచ్చనిది కండక్టర్ లేకపోవడం. "టికెట్ కొట్టేవాడు లేడు, రైట్ రైట్ అనేవాడు లేడు, బండి ఎట్లా కదిలిద్ది?" అన్నారు. పాత రూట్‌మాస్టర్ బస్సులు 2005 డిసెంబరులో మామూలు సర్వీసు నుంచి తప్పుకున్నాయి. వాటితోపాటే పాతకాలపు కండక్టర్లూ పోయారని చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత డ్రైవరు అద్దాల క్యాబిన్ చూసి, "మావాళ్ళకూ ఇట్లా ఒక గది కట్టుంటే ప్రయాణికుల తిట్లు తప్పేవి" అన్నారు. చిల్లర లేదని టికెట్ వెనక రాసిచ్చే బాధ లేకపోవడం మాత్రం ఆయనకు బాగా నచ్చింది. ఆ రాసిన చిల్లర కోసం దిగేచోట జరిగే పంచాయితీలన్నీ వరసగా చెప్పారు, బస్సు ట్రఫాల్గర్ స్క్వేర్ చేరేదాకా.

ఆయన చెబితేనే నాకు అర్థమైన సంగతి ఒకటుంది. లండన్ బస్సు ఒక్కోసారి ఏ కారణం లేనట్టు స్టాపులో ఆగిపోతుంది. సర్వీసు సర్దుబాటు కోసం కాసేపు ఆపుతున్నామని మైకులో వస్తుంది. నాకెప్పుడూ చిరాకే. నాన్న మాత్రం తల ఊపారు. ముందు బండికి, వెనక బండికి ఎడం తగ్గితే రెండూ జంటగా వస్తాయి, ముందు దాంట్లో జనం కిక్కిరిసి వెనకది ఖాళీగా తిరుగుతుంది, అందుకే ఆపుతున్నాడన్నారు. ఇంటికొచ్చి చదివితే ఆయన మాటే నిజం. ఇక్కడి బస్సులు నడిపేవి ప్రైవేటు కంపెనీలు. తరచుగా తిరిగే రూట్లలో ప్రయాణికులు స్టాపులో ఎంత అదనంగా ఎదురుచూడాల్సి వచ్చిందన్న లెక్కను బట్టి వాళ్ళకొచ్చే డబ్బు పెరుగుతుంది, తగ్గుతుంది.

అమ్మకు పనికొచ్చిన సంగతులు వేరే. బస్సు లోపలి నేల కిందికి ఉంటుంది, ఎక్కడానికి మెట్టు ఉండదు. అవసరమైతే స్టాపు వైపుకు ఒరిగి ఇంకాస్త దిగుతుంది. తర్వాతి స్టాపు పేరు మైకులో చెబుతారు, బోర్డు మీదా చూపిస్తారు. ముందు భాగంలో పెద్దవాళ్ళకు కేటాయించిన సీట్లుంటాయి, అడగకుండానే లేచి ఇచ్చేవాళ్ళే ఎక్కువ. పై అంతస్తు మెట్లు మాత్రం నిటారుగా, ఇరుగ్గా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళను పైకి తీసుకెళ్ళే ఆలోచన మానేయండి. నాన్న పైన ముందు సీట్లో, అమ్మ, నేను కింద. ఆయన పైనుంచి ఫోన్ చేసి "కుడివైపు చూడండి" అనేవారు. మేం చూసేలోపు అది దాటిపోయేది.

మొదటి రోజుకు నా సలహా 24వ నంబరు. ఎలిజబెత్ లైన్‌లో టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్‌లో దిగి, నెమ్మదిగా నడుచుకుంటూ ముందు బ్రిటిష్ మ్యూజియంకు వెళ్ళండి. ప్రవేశం ఉచితం, టైం స్లాటు ముందే బుక్ చేసుకుంటే మేలు. వీల్‌చెయిర్ కూడా అడిగితే ఉచితంగానే ఇస్తారు. అమ్మ మొదట నామోషీ పడింది, తర్వాత దిగనంది.

లోపల ఈజిప్టు మమ్మీల దగ్గర ఓపిక ఖర్చు పెట్టకుండా ముందు 33ఎ గదికి వెళ్ళండి. మన అమరావతి స్తూపం శిల్పాలు ఉన్నది అందులోనే. మాకది పక్క ఊరి కిందే లెక్క. 1845లో వాల్టర్ ఇలియట్ అనే మద్రాసు అధికారి తవ్వించిన పలకలివి, 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. ఇంగ్లీషువాళ్ళు పాలరాళ్ళని పేరు పెట్టారు గానీ అసలుకు అది పల్నాటి సున్నపురాయి. నాన్న దూరం నుంచే చూసి, "ఇది మనవైపు రాయే" అన్నారు. స్తంభాల మీద విచ్చుకున్న తామరపూలు, ఖాళీ సింహాసనానికి మొక్కుతున్న మనుషులు, గుమ్మం దగ్గర సింహాలు. ఒక పలక మీద స్తూపం ఎలా ఉండేదో మొత్తం చెక్కి ఉంది. ఇప్పుడు అమరావతిలో మిగిలిన దిబ్బను చూసినవాళ్ళు దీని ముందు కాసేపు నిలబడాల్సిందే. అమ్మకు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేదు. నాకైతే వీటికోసమే మ్యూజియంకు వెళ్ళినా చాలనిపించింది. అప్పుడప్పుడు కొన్ని గదులు మూసేస్తుంటారు, బయల్దేరేముందు వెబ్‌సైటు చూసుకోండి.

మ్యూజియం నుంచి బయటికొచ్చి 24 ఎక్కితే ట్రఫాల్గర్ స్క్వేర్, వైట్‌హాల్, డౌనింగ్ స్ట్రీట్ గేట్లు, పార్లమెంటు, బిగ్ బెన్ వరసగా వస్తాయి. ప్రధానమంత్రి ఇల్లున్న వీధి పక్క నుంచి ఆర్డినరీ సర్వీసు వెళ్ళడం నాన్నకు అస్సలు మింగుడుపడలేదు. "మన దగ్గరైతే రెండు కిలోమీటర్ల ముందే దారి మళ్ళించేవాళ్ళు" అన్నారు. పార్లమెంట్ స్క్వేర్‌లో దిగితే గాంధీ విగ్రహం ఉంది. అక్కడ ఫొటో తీసుకోని తెలుగువాళ్ళు నాకింతవరకు తగల్లేదు.

రెండో రోజుకు 15. ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర ఎక్కితే స్ట్రాండ్, ఫ్లీట్ స్ట్రీట్, సెయింట్ పాల్స్ చర్చి మీదుగా టవర్ ఆఫ్ లండన్ దాకా. నా లెక్కలో ఊళ్ళోకెల్లా మంచి రూటు ఇదే. కోహినూరు టవర్లోనే ఉంది, 1937లో రాణి ఎలిజబెత్ తల్లికి చేయించిన కిరీటంలో. అది మా జిల్లా కొల్లూరు గనుల్లో దొరికిందని చెబుతారు, ఆ గనులిప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉన్నాయి. లోపలికి టికెట్ మనిషికి ముప్పై పౌండ్లకు పైనే. "మన రాయి చూట్టానికి మనం డబ్బు కట్టేదేంటి?" అని అమ్మ గేటు దగ్గరే బెంచీ మీద కూర్చుండిపోయింది. నేనూ బలవంతపెట్టలేదు. లోపల రాళ్ళు పరిచిన దారులు, మెట్లు ఎక్కువ, ఆమె మోకాళ్ళకు అది శిక్షే. బయట నుంచి కోట, పక్కనే టవర్ బ్రిడ్జి ఎలాగూ ఉచితంగా కనిపిస్తాయి.

మూడోది 9, పికడిల్లీ, హైడ్ పార్క్ కార్నర్, ఆల్బర్ట్ హాల్ మీదుగా. రాజభవనం మాత్రం బస్సులోంచి కనబడదు, గ్రీన్ పార్క్ దగ్గర దిగి పార్కులోంచి నడవాలి.

ఇక లోపాలు. ఈ బస్సులు నెమ్మది. ఊరి మొత్తం సగటు తీస్తే గంటకు పదిహేను కిలోమీటర్లు కూడా ఉండదు, ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో నడిచేవాళ్ళే మనల్ని దాటిపోతారు. రైలో విమానమో అందుకోవాల్సిన రోజు వీటిని నమ్ముకోవద్దు. పెద్దవాళ్ళు కూర్చునేదాకా డ్రైవరు ఆగుతాడన్న హామీ కూడా లేదు, ఎక్కగానే దగ్గరున్న కడ్డీ పట్టుకోమని చెప్పండి. మధ్యదారిలో "ఈ బస్సు ఇక్కడితో ఆఖరు" అని దించేయడమూ ఇక్కడ మామూలే. గంటలోపైతే వెనక బస్సుకు మళ్ళీ డబ్బు పడదు గానీ, పెద్దవాళ్ళకు అదో టెన్షన్. ఎండాకాలం పైఅంతస్తు ఉడికిపోతుంది. వీటన్నిటికీ నాన్న కోసిన మార్కు ఒక్కటే, అదీ వేరే కారణానికి. స్టాపులో చెయ్యెత్తిన ముసలాయన్ని చూసి కూడా ఆపకుండా వెళ్ళే డ్రైవర్లు ఏ దేశంలోనైనా ఉంటారట.

బస్సుల్లో బాత్రూములు ఉండవు. అందుకే మా రూట్లన్నీ మ్యూజియంలకు ముడిపెట్టాను. బ్రిటిష్ మ్యూజియం, ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని నేషనల్ గ్యాలరీ రెండూ ఉచితమే, శుభ్రంగా ఉంటాయి. బొమ్మలు చూసే మూడ్ లేకపోయినా నేషనల్ గ్యాలరీలో మెత్తటి బెంచీలున్నాయి, అమ్మ అక్కడ చక్కగా ఒక కునుకు తీసింది. తిండికి పులిహోర డబ్బా, మజ్జిగ సీసా వెంట ఉంటే ఏ పార్కు బెంచీ అయినా హోటలే. సాయంత్రం ఇడ్లీ, దోశ కావాలంటే ఈస్ట్‌హామ్ హై స్ట్రీట్ నార్త్‌లో వరసగా మనవాళ్ళ హోటళ్ళున్నాయి, గుడి కూడా ఆ రోడ్డు మీదే. అక్కడ మాత్రం బిల్లు నాన్నకు చూపించకండి, పౌండ్లను రూపాయల్లోకి మార్చి పెసరట్టు వదిలేసి లేచిపోతారు.

డిసెంబరులో వచ్చేవాళ్ళకు ప్లాన్ కొంచెం మారుతుంది. నాలుగింటికే చీకటి పడుతుంది కాబట్టి చూసేవి పొద్దున్నే పెట్టుకుని, సాయంత్రం 139 ఎక్కి రీజెంట్ స్ట్రీట్ దీపాలు చూపించండి. 25న మాత్రం ఇంట్లోనే ఉండండి. ఆ రోజు లండన్‌లో బస్సులు, ట్యూబ్ ఏవీ నడవవు.