హుక్కుల లగేజీ తాడు కొంటున్నారా? ముందు హుక్కు సంగతి చూడండి

బైకు వెనక సామాను కట్టడానికి రెండు చివర్లా హుక్కులున్న ఎలాస్టిక్ తాళ్లు ఆన్‌లైన్‌లో సెట్టుగా అమ్ముతారు కదా, అవి కొనేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మేం తెప్పించుకున్న సెట్టులో ఒక తాడు హుక్కు ఎగిరొచ్చి మా బావగారి కంటి కింద ఎముకకు తగిలింది. అర అంగుళం పైన తగిలి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే భయం వేస్తోంది.

ఆయన 25 కిలోల బియ్యం బస్తాను స్కూటీ వెనక సీటు మీద పెట్టి, ఒక హుక్కు అటువైపు కడ్డీకి తగిలించి రెండోది తనవైపు లాగుతున్నారు. తాడు తెగలేదు. అటువైపు హుక్కు తీగే సాగి నిటారుగా అయిపోయి, కడ్డీ నుంచి విడిపోయి, సాగిన రబ్బరు బలమంతటితో ముఖం మీదికి వచ్చింది. తాడు కొత్తది. ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో 'హెవీ డ్యూటీ' అని ఉంది. ఎన్ని కిలోలకో, ఎంత సాగదీయొచ్చో ఎక్కడా లేదు.

అమ్మినవాళ్లకు ఫొటోలు పంపితే రిటర్న్ గడువు అయిపోయిందన్నారు. గాయం గురించి ఒక్క మాట లేదు. ఆ తాళ్లు ఇంకా అమ్ముతూనే ఉన్నారు, నా బాధ అదే.

మిగతా తాళ్లను పట్టి చూస్తే అసలు విషయం తెలిసింది. హుక్కు తీగ ఎంత సన్నగా ఉందంటే, కటింగ్ ప్లేయరు అక్కర్లేకుండా చేత్తోనే వంగింది. పైన ప్లాస్టిక్ తొడుగు లావుగా ఉండటం వల్ల కంటికి గట్టిగా కనిపిస్తుంది, అంతే. తాడు చివర కూడా చుట్ట తీగలోకి ఊరికే దూర్చారు. మంచి తాడుకు ఆ చివర ముడి గానీ, గట్టిగా నొక్కిన ఇనుప క్లిప్పు గానీ ఉంటుంది. ఒక తాడు కోసి చూశాను. పైన అల్లిక దారం దళసరిగా, లోపల రబ్బరు పోగులు పలచగా ఉన్నాయి. మంచి దాంట్లో సన్నని రబ్బరు పోగులు ఒత్తుగా నిండి ఉండాలి.

అందుకే వీలైతే షాపులో చేత్తో పట్టుకుని కొనండి. హుక్కును వంచి చూడండి, చివర గట్టిగా లాగి చూడండి. పట్టుకుని చూడనివ్వని చోట కొనకండి.

మంచి తాడు కూడా ఎల్లకాలం ఉండదు. రబ్బరుకు ఎండ, పెట్రోలు, నూనె పడవు. సాగదీసి ఉంచితే ఇంకా త్వరగా బీటలు వారుతుంది. చాలామంది తాడును క్యారియర్‌కే ఏడాది పొడవునా బిగించి ఉంచేస్తారు. మన ఎండలకు అది ఎన్నాళ్లు ఆగుతుంది? పై అల్లిక చిట్లి లోపలి రబ్బరు కనిపిస్తే, లేదా వదిలాక మునుపటి పొడవుకు రాకపోతే, ఆ తాడు పని అయిపోయినట్టే. పారేసేముందు హుక్కులు కోసేయండి, లేదంటే ఆ తాడును ఇంకెవరైనా ఏరుకుని వాడతారు.

ఒక అడుగున్నర తాడును రెండడుగుల పావుకు మించి సాగదీయకండి. చాలకపోతే పొడుగు తాడు తీసుకోండి, రెండు తాళ్లను హుక్కుకు హుక్కు కలపకండి. లాగేటప్పుడు ముఖం తాడుకు ఎదురుగా పెట్టకుండా పక్కకు జరగండి. హుక్కు కుదురుకునేదాకా చెయ్యి వదలకండి. పిల్లల చేతికి అసలే ఇవ్వొద్దు. బియ్యం బస్తా, నీళ్ల క్యాన్ లాంటి బరువులకు సాగని నైలాన్ పట్టీ, బకిల్ ఉన్నది వాడండి. మేం ఇప్పుడు అదే వాడుతున్నాం. ఎలాస్టిక్ తాడును బండి కవరు ఎగిరిపోకుండా, పరుపు చుట్ట విప్పుకోకుండా కట్టడానికి మాత్రమే ఉంచుకున్నాం.

ప్యాకెట్ మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, కస్టమర్ కేర్ వివరాలు ఉండాలని చట్టం చెబుతోంది. మాకొచ్చిన దాని మీద అవేవీ లేవు. మీకూ అలాంటిదే వస్తే ఫొటో తీసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి.

ఒకవేళ హుక్కు కంటికే తగిలితే నలపొద్దు, నొక్కొద్దు, ఇంట్లో ఉన్న చుక్కలు వేయొద్దు. కంటికి ఆనకుండా పేపరు కప్పు లాంటిది అడ్డం పెట్టి వెంటనే కంటి ఆసుపత్రికి వెళ్లండి. చూపు బాగానే ఉందనిపించినా వెళ్లండి, ఎందుకంటే కంటి లోపలి దెబ్బ పైకి కనిపించకపోవచ్చు.