పోర్ట్‌లాండ్ జోర్డాన్‌ను తీసుకుని ఉంటే: బాస్కెట్‌బాల్ జీఎం కొన్నేళ్లు ఆడాక

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు, ఒక్కో వంతు ఒక పిక్. 1984 డ్రాఫ్ట్‌లో పోర్ట్‌లాండ్ రెండో పిక్‌తో శామ్ బౌవీని తీసుకుంది. మూడో పిక్‌తో షికాగోకి మైకేల్ జోర్డాన్ దొరికాడు. అది తారుమారై ఉంటే ఏమయ్యేదని బాస్కెట్‌బాల్ అభిమానులు నలభై ఏళ్లుగా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదనను ఆడి చూసుకోవాలంటే నాకు తెలిసి బాస్కెట్‌బాల్ జీఎంని మించింది లేదు. బ్రౌజర్‌లో ఉచితంగా ఆడుకునే ఆట ఇది. కొన్నేళ్లుగా వదలకుండా ఆడుతున్నాను. ఎవరు ఏ జట్టుకి వెళ్తే లీగ్ ఎటు తిరిగేదో ఇది చాలా బాగా చూపిస్తుంది. అక్కడికి వెళ్లాక ఆ కుర్రాడు ఎలాంటి ఆటగాడయ్యేవాడో మాత్రం చెప్పలేదు.

ఇందులో మనం బంతి పట్టుకోం. జట్టు జనరల్ మేనేజర్‌గా కాంట్రాక్టులు, ట్రేడ్‌లు (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడి), డ్రాఫ్ట్ చూసుకుంటాం. ఐపీఎల్ వేలం అలవాటైనవాళ్లకి ఒక్క మాట: డ్రాఫ్ట్‌లో పాట పాడటం ఉండదు, కుర్రాళ్లను ఎంచుకునే వంతు మామూలుగా బలహీనమైన జట్లకే ముందు వస్తుంది. అసలు ఆటగాళ్లతో 1947 నుంచి ఏ సీజన్‌లోనైనా మొదలుపెట్టొచ్చు. మ్యాచ్‌లు అంకెల్లో నడుస్తాయి, ముఖాలు కార్టూన్ బొమ్మలు. గ్రాఫిక్స్ కావాలనుకునేవాళ్లకి ఇది నచ్చదు.

నేను ఎక్కువగా ఆడింది 1984 పోర్ట్‌లాండ్‌నే. వాళ్లు జోర్డాన్‌ను ఎందుకు వదులుకున్నారో అక్కడ కూర్చుంటేనే అర్థమైంది. అంతకుముందు ఏడాదే 14వ పిక్‌తో క్లైడ్ డ్రెక్స్‌లర్ వచ్చాడు, అతనిదీ జోర్డాన్ ఆడే స్థానమే. జట్టుకి కావాల్సింది సెంటర్, అంటే బుట్ట దగ్గర ఆడే పొడగరి. అప్పట్లో మొదటి పిక్‌ను నాణెం ఎగరేసి తేల్చేవారు. అందులో గెలిచిన హ్యూస్టన్, సెంటర్ అయిన ఒలాజువాన్‌ను తీసుకెళ్లింది. బౌవీ కాలి ఎముక దెబ్బతిని కాలేజీలో రెండు సీజన్లు ఆడలేకపోయాడని తెలిసీ అతన్నే తీసుకున్నారంటే, సెంటర్ కోసం ఎంత తపించారో చూడండి.

నేను జోర్డాన్‌ను తీసుకుని డ్రెక్స్‌లర్‌నీ ఉంచుకున్నాను. టైటిల్స్ వరసపెట్టి వస్తాయనుకుంటాం కదా, రాలేదు. ఈ ఊహ చేసేవాళ్లలో చాలామంది ఒక సంగతి పట్టించుకోరు: లీగ్‌లోని ఈస్ట్, వెస్ట్ అనే రెండు భాగాల్లో పోర్ట్‌లాండ్ ఉన్నది వెస్ట్‌లో. ఫైనల్‌కి వెళ్లే దారిలో మ్యాజిక్ జాన్సన్, కరీమ్ అబ్దుల్ జబ్బార్ ఉన్న లేకర్స్ కూర్చుని ఉంటుంది. ఎన్నిసార్లు మొదలుపెట్టినా 1980లు గడిచేదాకా ఆ గోడ దాటడం కష్టమైంది. ఒకసారి డ్రెక్స్‌లర్‌ను ట్రేడ్ చేసి మంచి సెంటర్‌ను తెచ్చాకే దారి తెరుచుకుంది. మరోపక్క జోర్డాన్ లేని షికాగో ఏడాదికేడాది ఓడుతూ మంచి పిక్‌లు పోగేసుకుంది. నిజ చరిత్రలో 1987లో సియాటిల్ ఐదో పిక్‌తో తీసుకున్న స్కాటీ పిపెన్‌ను షికాగో ట్రేడ్‌లో తెచ్చుకుంది. నా లీగ్‌లో ఆ ట్రేడ్ జరగనే లేదు. ఒక్క పేరు మారితే పదేళ్ల తర్వాత లీగ్‌లో తెలిసిన జట్టు ఒక్కటీ మిగలదు. ఈ ఆటకి నేను ఇంతగా అతుక్కుపోయింది అందుకే.

అయితే ఒక సెట్టింగ్ సరిగ్గా పెట్టుకోకపోతే మజా అంతా పోతుంది. దాని పేరు రియల్ ప్లేయర్ డిటర్మినిజం. సున్నాలో ఉంచితే ఆటగాళ్ల ఎదుగుదల పూర్తిగా అదృష్టం మీదే నడుస్తుంది, జోర్డాన్ కూడా ఒక మామూలు ఆటగాడిగా మిగిలిపోవచ్చు. నూరులో పెడితే అందరూ నిజ జీవితంలో ఎదిగినట్టే ఎదుగుతారు. అప్పుడు 2014లో 41వ పిక్‌గా వెళ్లి తర్వాత పెద్ద స్టార్ అయిన యోకిచ్‌ను మనం ముందే లాగేసుకుంటాం, ఇక టెన్షన్ ఎక్కడిది? నాకు 70 దగ్గర బాగా కుదిరింది. గొప్పవాళ్లు చాలావరకు గొప్పవాళ్లే అవుతారు, కానీ గ్యారంటీ ఉండదు.

నాకు అసంతృప్తి అంతా 2003 దగ్గర. డెట్రాయిట్ రెండో పిక్‌తో సెర్బియా కుర్రాడు డార్కో మిలిచిచ్‌ను తీసుకుంది. పెద్ద స్టార్లయిన కార్మెలో ఆంథొనీ, క్రిస్ బాష్, డ్వేన్ వేడ్ ఆ తర్వాతి పిక్‌లలోనే వెళ్లారు. ఆ పిక్ డెట్రాయిట్‌కి 1997లో ఓటిస్ థోర్ప్‌ను ఇచ్చిన ట్రేడ్‌లో వచ్చింది. జట్టేమో 2004లో ఛాంపియన్ అయ్యేంత బలంగా ఉంది, పద్దెనిమిదేళ్ల డార్కో బెంచి మీదే గడిపాడు. డెట్రాయిట్‌కి వేడ్ వచ్చి ఉంటే? దీనికి ఆట చక్కటి జవాబిస్తుంది. డార్కో రోజూ ఆడించే బలహీనమైన జట్టుకి వెళ్లి ఉంటే? అసలు నేను తెలుసుకోవాలనుకున్నది ఇదే, దీనికి మాత్రం జవాబు లేదు. ఎందుకంటే ఇందులో ఆటగాడి ఎదుగుదలకి కోర్టులో గడిపిన సమయంతో సంబంధం లేదు. కోచింగ్ మీద ఎక్కువ ఖర్చుపెడితే కాస్త తేడా వస్తుంది, అంతే. నమ్మకం పెట్టుకున్న కోచ్ చేతిలో పడటం, భాష రాని ఊళ్లో ఒంటరిగా ఉండటం లాంటివి అంకెల్లోకి రావని నాకు తెలుసు. అయినా ఆడిన నిమిషాలనైనా లెక్కలోకి తీసుకోవాల్సింది.

ట్రేడ్‌ల విషయంలో కంప్యూటర్ గట్టిదే. నలుగురు ఓ మోస్తరు ఆటగాళ్లను అంటగట్టి ఒక స్టార్‌ను తెచ్చుకుందామంటే ఒప్పుకోదు. ఏమిస్తే ఒప్పుకుంటారని అడిగే బటన్ ఉంది, బేరం అక్కడ నుంచి మొదలుపెట్టడం మేలు. కష్టం స్థాయి పెంచితే ఇంకా బిగిస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 2003 డ్రాఫ్ట్ ముందు నుంచి ఆడండి, పేర్లు చాలావరకు తెలిసినవే ఉంటాయి. రుచి తగిలాక 1956కి వెళ్లి సెయింట్ లూయిస్ హాక్స్‌ను తీసుకోండి. ఎడ్ మెకాలీ, క్లిఫ్ హేగన్‌ల కోసం బిల్ రస్సెల్‌ను బోస్టన్‌కి వదిలేసిన జట్టు అది. రస్సెల్‌తో బోస్టన్ 13 సీజన్లలో 11 టైటిల్స్ గెలిచింది. ఒక జాగ్రత్త: లీగ్ మొత్తం మీ బ్రౌజర్‌లోనే సేవ్ అవుతుంది, బ్రౌజర్ డేటా తుడిచేస్తే అదీ పోతుంది. సీజన్ ముగిసినప్పుడల్లా లీగ్ ఫైల్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి.